ముద్ర తెగిన శాంపిలు సీసా

ఆళ్లగడ్డ
20 మార్చి 1957

సలోమీ,

నీకు దేవుడు ఓదార్పు ఇవ్వాలని మొదలుపెట్టి, ఆ మాట కొట్టేశాను. నాకు చాలామంది అదే చెప్పి పోయారు, ఒక్కరి మాటా పని చేయలేదు. నువ్వు నా అన్న కూతురివి, నా కొడుకు పెండ్లానివి. ఇద్దరం ఒకే మనిషిని పోగొట్టుకున్నాం. బడికి పోతున్నావా? పాఠం చెప్పేటప్పుడు గొంతు నిలుస్తోందా?

మీ మామ బతికున్నప్పుడు బైబిలు చదువుకోవడానికని నాకు అక్షరాలు నేర్పించాడు. ఉత్తరం రాయడం ఎవరూ నేర్పలేదు. తప్పులుంటే పంతులమ్మవు, దిద్దుకో.

దాసును నంద్యాలలో మట్టిచేసి వచ్చి నెల దాటింది. మన గుడి పెద్ద ఓబయ్య కూడా ఆ రోజు వచ్చాడు కదా. మొన్న ఆదివారం ఆరాధన అయినాక చెప్పులు వేసుకుంటూ నలుగురిలో అన్నాడు. "జీవమ్మా, నీ కొడుకు దిండు పక్కన సీసా చూసినా. ముద్ర తెగుండాది, మూత తీసుండాది. చూసింది చెప్తాండా, కోపం చేసుకోవాకు."

ఇంటికి వచ్చి తలుపు వేసుకున్నాను.

నీకు తెలియని సంగతులు కావు, నా మనసు తేట చేసుకోవడానికి రాస్తున్నాను. సికింద్రాబాదు కంపెనీలో కుదిరిన రోజు దాసు నాకు అంతా విడమరిచి చెప్పాడు. ఓడలో దొరల సీమ నుంచి బొటనవేలంత ద్రాక్షసారా సీసాలు వస్తాయంట. బొంబాయిలో సుంకం వాళ్లు ఎంచి, లక్క ముద్ర వేసి వదులుతారంట. అవి అమ్మడానికి కాదు, చూపించడానికి. హైదరాబాదు వైపు క్లబ్బులకు, హోటళ్లకు చూపించి, నచ్చితే పెద్ద సీసాలకు ఆర్డరు రాయించుకోవాలి. మన వైపు తాగుడు బందు గనక గుళ్లకు మాత్రమే, అదీ పర్మిట్ కాగితంతో, ప్రభు బల్ల సంస్కారంలో రొట్టెతో ఇచ్చే ద్రాక్షారసం మాత్రమే. "నేను నోట పెట్టే పని ల్యామ్మా. ఒక ముద్ర తెగితే దానికి జవాబు రాయాల" అన్నాడు.

ఆ మాట నమ్మాను. పోయిన ఏడాది మన గుడిలో నా పరువు తీసినా, ఆ మాట మటుకు నమ్మాను.

ఇరవై రెండేళ్లుగా మన గుడికి సంస్కారం రసం నేనే కాస్తున్నాను. ఎండుద్రాక్ష గింజ తీసి, కడిగి, నానబెట్టి, కాచి, గుడ్డలో పిండి ఇస్తాను. వాడు కమిటీ ముందు రెండు గ్లాసులు పెట్టాడు. ఒకదాంట్లో నాది, ఒకదాంట్లో వాని శాంపిలు. రెండూ తాగి చెప్పండి అన్నాడు. ఎండలకు ఆ రోజు నాది కొంచెం పులిసింది. పెద్దమనుషులు మొహం చిట్లించి నవ్వారు. వాడూ నవ్వాడు. అందరి ముందూ వాణ్ని గుడి దాటి పొమ్మన్నాను. ఆ తర్వాత వాడు బతికుండగా నేను చూడలేదు.

ఒక్కటి చెప్పు. ఆ మూత ఎవరు తీశారు? నా కొడుకు తాగుతూ పోయినాడా? అది తెలిసేదాకా నేను ప్రభు బల్ల దగ్గరికి పోలేను.

జీవమ్మ


నంద్యాల
27 మార్చి 1957

అత్తా,

వందనాలు. బడికి పోతున్నాను. గొంతు నిలవని రోజు పిల్లలకు లెక్కలు ఇస్తాను.

ఓబయ్య పెదనాన్న చూసింది నిజమే. బావ చాలా నీరసించాడని కంపౌండరు రెండు చెంచాలు ఇమ్మన్నాడు, నేను ఇచ్చాను. మందుగానే. నువ్వు మనసులో ఏమీ పెట్టుకోవద్దు.

కంపెనీ నుంచి శేషయ్య అనే ఆయన వచ్చి పెట్టె తీసుకుపోయాడు. మంచి మనిషి. ముద్ర తెగిన సీసాను పట్టుకుని చూశాడు గానీ నన్ను గట్టిగా ఏమీ అడగలేదు. బావ చూపించి వచ్చిన చోట్ల నుంచి ఆర్డర్లు ఇప్పుడు వస్తున్నాయి. "ప్రభుదాసు గారికి" అని రాస్తారు. నేను విప్పకుండానే సికింద్రాబాదుకు పంపుతున్నాను. నిన్న వచ్చినదాని మీద "తమరు త్వరలో మళ్లీ రావలెను" అని కవరు పైనే రాసి ఉంది.

గోంగూర పచ్చడి డ్రైవరు మద్దిలేటి బస్సులో పంపావు. నాకు పంపావంటే ఇంకా నీ కోడలినేనని అర్థమైంది. అన్నం తిన్నాను.

సలోమి


ఆళ్లగడ్డ
24 ఏప్రిల్ 1957

సలోమీ,

ఈస్టరు పోయింది. నేను గుడిలో వెనక గోడకు ఆనుకుని కూర్చున్నాను. అందరూ లేచి బల్ల దగ్గరికి పోయారు. నేను కాచిన రసమే, నేను తప్ప అందరూ తాగారు.

నువ్వు నాకు అబద్ధం రాశావు. మద్దిలేటి బస్సు నంద్యాలలో ఆగినప్పుడు ఆ కంపౌండరును అడిగి రమ్మన్నాను. "నేనెందుకు చెప్తానప్పా? సారా ఇమ్మని చెప్పి జైలుకు పోవాల్నా?" అన్నాడంట. ఆయన చెప్పలేదు. మరి ఎవరు చెప్పారు?

నువ్వు వాని వైపే ఎప్పుడూ. ఫిబ్రవరిలో నువ్వు రాసిన చీటీ నేను మరిచిపోలేదు. "అత్తా, నీ చేత్తో కాచిన ద్రాక్షరసం చిన్న సీసాడు పంపించు, బావ అడుగుతున్నాడు" అని మద్దిలేటి చేతికిచ్చావు. నాకు తెలియదా ఎందుకో? మన గుడిలో చేసిందే నంద్యాల గుడిలోనూ చేయాలని. వాని వ్యాపారమే అది. కొత్త సరుకు ఒక్కటే చూపితే ఎవరూ కొనరు, పాతదాని పక్కన పెట్టి చూపాలని వాడే ఒకసారి నాకు చెప్పాడు. నా రసాన్ని పాతదానిగా పెట్టి ఊరూరా తిప్పాలనుకున్నాడు. నేను మద్దిలేటితో గట్టిగానే చెప్పి పంపాను. "సీమ సారా అమ్మేవానికి నా ద్రాక్షనీళ్లు యాలనో? ఆ పెట్టెలో ఉండేదే తాగమను."

ఆ మంగళవారం అట్లా అన్నందుకు నాకు ఇప్పటికీ చింత లేదు. అప్పటికి వానికి ఏ జబ్బూ లేదు. జ్వరం గురువారం మొదలైందని, మూడు రోజుల్లోనే అయిపోయిందని మట్టి రోజు నువ్వే నాతో అన్నావు. జబ్బని తెలిస్తే నేను సీసా పంపడం ఏంది, నడిచి వచ్చేదాన్ని.

నా ప్రశ్నకు జవాబు రాయి.

జీవమ్మ


నంద్యాల
2 మే 1957

అత్తా,

బడికి సెలవులిచ్చారు. ఇల్లు మరీ పెద్దదైనట్టుంది.

కంపౌండరు సంగతి నేను కల్పించిందే. తప్పు నాది. కానీ బావ తాగుబోతు కాదు, ఆ సీసాతో ఆయనకు చెడ్డపేరు తెచ్చే పని ఏదీ జరగలేదు. ఇంతవరకే చెప్పగలను. నన్ను నమ్ము. ఇంక అడగవద్దు. నీ మేలు కోరే అంటున్నాను.

బావ సమాధికి బేతంచెర్లలో రాయి చెప్పాను. నున్నగా తీసిన నల్లరాయి. పేరు, తేదీలు, కింద "ప్రభువునందు నిద్రించెను" అని చెక్కిస్తున్నాను. జూన్ నెలాఖరుకు లారీలో వస్తుందన్నారు.

సలోమి


ఆళ్లగడ్డ
19 మే 1957

సలోమీ,

నా మేలు నువ్వు కోరవద్దు.

నమ్మమంటావు, చెప్పమంటే చెప్పవు. దాచేవాళ్ల దగ్గర ఏముంటుందో నాకు తెలుసు. మా అన్న పోయినాక నిన్ను నా ఇంట్లో పెట్టుకుని చదివించాను. నా కొడుకును నీ చేతిలో పెట్టాను. వాడు పెట్టె విప్పితే చెయ్యి పట్టుకుని ఆపవలసినదానివి. ఆపలేదు సరిగదా నువ్వే పోశావు. జ్వరంలో ఉన్నవానికి సారా పోస్తే ఏమవుతుందో పసిపిల్లకైనా తెలుసు. నా కొడుకు జ్వరంతో పోలేదు. నీ చేతిలో పోయినాడు.

ఈ మాట మద్దిలేటితో కూడా అన్నాను. నీ చెవిన పడే ఉంటుంది.

ఆ రాయి మీద ఆ మాట చెక్కించవద్దు. తాగి కన్నుమూసినవాడు ప్రభువులో నిద్రపోయినాడని రాస్తే చదివేవాళ్లు నవ్వుతారు. పేరు ఒక్కటి చాలు. నువ్వు వినకపోతే మీ గుడి రాజరత్నం అయ్యగారికే రాస్తాను.

జీవమ్మ


నంద్యాల
4 జూన్ 1957

అత్తా,

రాజరత్నం అయ్యగారికి రాయమనే చెప్పేదాన్ని. ఆయనే ఆ ముద్ర తీశాడు.

నువ్వు అడిగావు గనక రాస్తున్నాను. రాసినాక నా మీద కోపం పోతుంది, దాని చోట వేరేది వస్తుంది. నన్ను తిట్టవద్దు.

బావకు జ్వరం మూడు రోజులు కాదు, పదకొండు రోజులు. విషజ్వరం. మట్టి రోజు నీతో మూడు అన్నది కావాలనే. మొదటి రోజు నుంచీ "అమ్మకు రాయాకు" అన్నాడు. ఆరో రోజు, సోమవారం, డాక్టరు నన్ను పక్కకు పిలిచి ఇంక ప్రార్థన చేసుకోమన్నాడు. బావకు నేను చెప్పలేదు, ఆయనే కనిపెట్టాడు. సంస్కారం తీసుకుంటానన్నాడు. "అమ్మ కాచిందైతేనే తీసుకుంటా" అన్నాడు.

జబ్బు సంగతి రాస్తానని బతిమాలాను. ఏమన్నాడో ఆయన మాటల్లోనే రాస్తున్నాను. "జబ్బని తెలిస్తే ఏడుస్తా పంపుతుంది. అది లెక్క కాదు మే సలోమీ. ఏమీ తెలీకుండా, నేను అడిగినానని పంపితే, నన్ను మన్నించినట్ల."

అందుకే ఆ చీటీ అట్లా రాశాను. మంగళవారం పొద్దున బస్టాండులో మద్దిలేటికి ఇచ్చాను. సాయంత్రం అతను బస్సు దిగి వచ్చి, వాకిట్లోనే నిలబడి, నువ్వు చెప్పిన మాట ఒక్క అక్షరం పోకుండా చెప్పాడు. అతనికి నవ్వులాట. లోపల మంచం ఉందని అతనికి తెలియదు. బావ విన్నాడు.

బుధవారం అయ్యగారు వచ్చాడు. నేను అంగడికి పోయి ఎండుద్రాక్ష తెచ్చి కాస్తానన్నాను. బావ వద్దని చెయ్యి ఊపాడు. "అమ్మ పెట్టెలో ఉండేదే తాగమనింది గదా. అమ్మ మాటే కానీ" అన్నాడు. అని నవ్వాడు. అయ్యగారు పెట్టెలో నుంచి ఒక సీసా తీసుకుని, ముద్ర తీసి, ప్రార్థన చేసి, ఒక చెంచా ఆయన పెదాలకు అందించాడు. ఆ ఒక్క చెంచా. ఆ తర్వాత శనివారం దాకా నీళ్లు కూడా సరిగా దిగలేదు. సీసాను అక్కడ నుంచి తీయడానికి నాకు చెయ్యి రాలేదు. ఓబయ్య పెదనాన్న చూసింది దాన్నే.

రాయి మీద ఆ మాట ఉంటుంది.

సలోమి


ఆళ్లగడ్డ
18 జూన్ 1957

అమ్మీ,

నీ ఉత్తరం వచ్చి పది రోజులైంది. మొదటి రోజు చదివి మడిచి, ఎవరిదో అనుకున్నాను. ఎవరో తల్లి, ఎవరో కొడుకు. రెండో రోజు చదివినాక పొయ్యి వెలిగించలేదు.

వాడు అడిగింది నేను అర్థం చేసుకోలేదు. ఎట్లా చేసుకుంటాను? రెండు గ్లాసులు పెట్టినవాడు అడిగితే మూడో గ్లాసు కోసమే అనుకున్నాను. ఇట్లా అని నాకు నేను చెప్పుకుంటాను. మధ్యాహ్నం దాకా నిలుస్తుంది. తర్వాత నిలవదు. వాడు నా కొడుకు. కొడుకు అమ్మను గుక్కెడు రసం అడిగితే ఎందుకని అడిగే హక్కు నాకెక్కడిది?

మొన్న ఆదివారం గుడిలో ప్రకటనలు చదివేటప్పుడు లేచి నిలబడ్డాను. ఇన్నేళ్లలో గుడిలో నేను లేచి మాట్లాడింది రెండుసార్లే, రెండూ వాని గురించే. ఓబయ్యను పేరు పెట్టి పిలిచాను. "ఓబయ్యా, నువ్వు చూసిన సీసా నిజమే. అయ్యగారు దాంతో నా కొడుక్కు సంస్కారం ఇచ్చినాడు. వాడు అడిగింది నేను కాచిన రసం. నేను ల్యాదని చెప్పి పంపినా." అంతే అని కూర్చున్నాను. ఓబయ్య బయటికి వచ్చినాక నా చెప్పులు తెచ్చి నా ముందు పెట్టి పోయినాడు. మద్దిలేటి మూడు రోజులుగా మా వీధిలో హారను కొట్టకుండా పోతున్నాడు. వాని తప్పేముంది. నేను చెప్పి పంపిన మాట మోశాడు.

రసం కాచే పని వేరేవాళ్లను చూసుకోమని కమిటీకి చెప్పాను.

నీ మీద నేనన్న మాటలు వెనక్కి తీసుకోలేను, రాతలో ఉన్నాయి. ఆ ఉత్తరం కాల్చేయి. రాయి మీద ఆ మాట ఉండాలి. పెద్ద అక్షరాలతో చెక్కమను.

నన్ను కాపాడడానికి ఇన్నాళ్లు దాచావు. నా చేత తిట్లు తిని కూడా దాచావు. కన్నకూతురైనా చేయదు. శనివారం మొదటి బస్సుకు వస్తాను, నీ దగ్గర కొన్నాళ్లుంటాను.

ఒక్కటి అడుగుతాను. నవ్వాడన్నావు. ఏ నవ్వు అది? నా మీద కోపమా? నువ్వు దగ్గరున్నదానివి, చెప్పు.

మీ అత్త


నంద్యాల
20 జూన్ 1957

అత్తా,

ఈ కార్డు నీకు శుక్రవారానికే అందాలని ఇప్పుడే వేస్తున్నాను. శనివారం రావద్దు.

ఆ నవ్వు ఏమిటో నాకు తెలియదు. చిన్నప్పటి నుంచీ చూసిన మొహమే, అయినా తెలియలేదు. కోపం లేదని రాస్తే నీకు నిద్ర పడుతుంది. కానీ నీకు ఇప్పటికే రెండు అబద్ధాలు చెప్పాను.

నిన్ను కాపాడడానికి దాచానన్నావు. అది సగమే. చెబితే నువ్వు నా దగ్గరికి వచ్చి ఏడుస్తావు. నువ్వు ఏడిస్తే నేను నా ఏడుపు ఆపుకుని నిన్ను ఓదార్చాలి. కోడలిని, చిన్నదాన్ని, అదే నా వంతు అవుతుంది. నాకు ఆ శక్తి లేదు. నీ మాట విన్నప్పుడు ఆయన మొహం నేను చూశాను. నిన్ను చూస్తే అదే కనపడుతుంది. నీ మీద పగ లేదు. కానీ ఇప్పుడు రావద్దు.

సలోమి


ఆళ్లగడ్డ
25 జూన్ 1957

సలోమీ,

కార్డు శనివారం పొద్దున అందింది. మూట కట్టుకుని వాకిట్లో ఉన్నాను. మూట లోపల పెట్టాను. మద్దిలేటి బస్సు ఆపి, ఎక్కుతానేమోనని చూశాడు. చెయ్యి ఊపి పొమ్మన్నాను.

నువ్వు రాసింది న్యాయం. నేను రావడం నా కోసమే, నీ కోసమని అనుకున్నాను.

వానలు పడ్డాయి. కొర్ర విత్తుతున్నారు. నాకు ఒంట్లో బాగానే ఉంది, నువ్వు అడగకపోయినా రాస్తున్నాను.

దీనికి జవాబు రాయవద్దు. నువ్వు పిలిచేదాకా నేను నంద్యాల బస్సు ఎక్కను. పిలవడానికి మాటలు రాకపోతే, కార్డు మీద నా పేరు, ఊరు రాసి, వెనక ఏమీ రాయకుండా వేయి. నీ రాత నేను గుర్తుపడతాను. ఏడాదైనా సరే, మూడేళ్లయినా సరే. ఎప్పటికీ వేయకపోయినా నీ మీద ఏమీ అనుకోను.

జీవమ్మ


ఆళ్లగడ్డ
11 ఫిబ్రవరి 1958

సలోమీ,

కార్డు అందింది.

తపాలా పుల్లయ్య తెచ్చిచ్చాడు. నాకు చదివి చెప్పబోయి అటూ ఇటూ తిప్పాడు. "ఏందక్కా ఇది, పేరు తప్ప ఏమీ రాయల్యా. ఎవరో మరిచిపోయి ఏసినట్లుండాది" అన్నాడు. మరిచిపోలేదు, అంతా రాసింది అని చెప్పి తీసుకున్నాను.

శనివారం మొదటి బస్సుకు వస్తాను. ఆ మరునాటికి వాడు పోయి ఏడాది నిండుతుంది, నీకు గుర్తుండే వేశావు. నువ్వు బస్టాండుకు రానవసరం లేదు, ఇల్లు నాకు తెలుసు. నాతో మాట్లాడనవసరం కూడా లేదు. నన్ను ముందు వాని దగ్గరికి తీసుకుపో. రాయి నేను ఇంకా చూడలేదు.

అక్కడ నేను ఏడిస్తే ఏడవనీ. నువ్వు దూరంగా నిలబడు, నన్ను ఓదార్చే పని పెట్టుకోవద్దు. నీకు ఏడుపు వస్తే మటుకు దగ్గరికి రా.

మీ అత్త
జీవమ్మ